పంపు మీద బతికి కొత్త గుండె పొందినవారి ధమనుల లెక్క రాయండి: నోటోకు, జీవన్‌దాన్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ (నోటో) అధికారులకు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల జీవన్‌దాన్ అవయవదాన కార్యక్రమాల బాధ్యులకు, గుండె మార్పిడి చేస్తున్న ఆసుపత్రుల వైద్య బృందాలకు,

నమస్కారం.

గుండె మార్పిడి చేయించుకున్నవారిని ఆ తర్వాత ఏళ్ల తరబడి ఓపీలో చూసే హృద్రోగ వైద్యుల్లో ఒకడిగా ఈ లేఖ రాస్తున్నాను. దాత గుండె దొరికేలోగా, బలహీనపడిన గుండెకు సాయంగా ఛాతీలో అమర్చే ఎల్‌వ్యాడ్ పంపు మీద గానీ, ఎక్మో (ఒంటి బయట రక్తానికి ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపే యంత్రం), బెలూన్ పంపు వంటి తాత్కాలిక సాధనాల మీద గానీ ప్రాణం నిలబెట్టుకుని, అటుపైన కొత్త గుండె పొందినవారి హృదయ ధమనుల్లో సంవత్సరాలు గడిచేకొద్దీ ఏం జరుగుతోందో మన రిజిస్ట్రీల్లో క్రమం తప్పకుండా నమోదు చేయాలని, అలా నమోదు చేసినదాన్ని రోగుల పేర్లు తొలగించి ప్రచురించాలని నా విన్నపం. మిగతాదంతా ఈ విన్నపం ఎందుకు చేయవలసి వచ్చిందో చెప్పడానికే.

ముందుగా ఒక అపోహకు తావు లేకుండా చేయాలి. ఈ లేఖ పంపుకు వ్యతిరేకం కాదు. మార్పిడికి అర్హత లేని రోగులపై జరిగి 2001లో వెలువడిన రీమ్యాచ్ అధ్యయనంలో, మందులతోనే నెట్టుకొచ్చిన వారిలో ఏడాది తర్వాత బతికి ఉన్నవారు 25 శాతం కాగా, పంపు అమర్చినవారిలో 52 శాతం. అప్పటి పంపు పెద్దది, చప్పుడు చేసేది, తరచు రెండేళ్లు తిరగకుండానే అరిగిపోయేది. ఇప్పటి హార్ట్‌మేట్ 3 పంపులో తిరిగే చక్రం దేనికీ తగలకుండా అయస్కాంత బలంతో తేలుతుంది. దాన్ని అమర్చుకున్నవారిలో అయిదేళ్ల తర్వాత సుమారు 58 శాతం మంది బతికి ఉన్నట్టు 2022లో ప్రచురితమైన మొమెంటమ్ 3 అధ్యయనపు దీర్ఘకాలిక ఫలితాలు చూపాయి. పంపు పెట్టాక మూత్రపిండాలు కోలుకుంటాయి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి దిగుతుంది, తిండి సయిస్తుంది, కొందరిలో మధుమేహం కూడా అదుపులోకి వస్తుంది. మంచం దిగలేని మనిషి మార్పిడి నాటికి నడుచుకుంటూ ఆసుపత్రికి వస్తాడు. దాత దొరకక ఎదురుచూపుల్లోనే ప్రాణాలు పోతున్న చోట దీని విలువను తక్కువ చేసి మాట్లాడే సాహసం ఏ వైద్యుడూ చేయడు.

నా ప్రశ్న ఆ తర్వాతి కాలం గురించి.

మార్పిడి చేసిన గుండెకు మొదటి ఏడాదిలో ప్రధాన ముప్పు తిరస్కరణ, ఇన్ఫెక్షన్. ఆ గండాలు దాటినవారిని క్రమంగా పట్టుకునేది ధమనుల జబ్బు. దీన్ని మేము సీఏవీ అంటాం. ఇది మామూలు మనుషులకు వచ్చే కొలెస్టరాల్ పూడిక లాంటిది కాదు. అక్కడొక గడ్డ, ఇక్కడొక గడ్డగా కాకుండా, ధమని లోపలి పొర ఈ కొస నుంచి ఆ కొస దాకా చుట్టూ సమంగా మందమవుతూ వస్తుంది. పెద్ద ధమనుల నుంచి కంటికి ఆనని సన్నటి కొమ్మల వరకూ పాకుతుంది. అందుకే స్టెంట్ వేసినా తాత్కాలిక ఉపశమనమే తప్ప జబ్బు ఆగదు, బైపాస్ చేద్దామంటే అతికించడానికి ఆరోగ్యమైన భాగం దొరకదు. ముదిరిపోయాక మిగిలే అసలైన చికిత్స మళ్లీ మార్పిడి ఒక్కటే. ఒక గుండె దొరకడమే గగనమైన చోట రెండో గుండె మాట ఎత్తడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. అంతర్జాతీయ గుండె, ఊపిరితిత్తుల మార్పిడి సంఘం రిజిస్ట్రీ లెక్కల ప్రకారం యాంజియోగ్రామ్‌లో కనిపించే స్థాయి జబ్బు ఏడాదికి సుమారు 8 శాతం మందిలో, అయిదేళ్లకు 30 శాతం దరిదాపుల్లో, పదేళ్లకు ఇంచుమించు సగం మందిలో తేలుతోంది. యాంజియోగ్రామ్‌కు అందనిది ఇంకా ఎక్కువే. ధమని అంతటా సమంగా సన్నబడినప్పుడు, పోల్చి చూడడానికి పక్కన మామూలు భాగం లేకపోవడంతో యాంజియోగ్రామ్ బొమ్మ బాగానే ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. ధమని లోపలికి సన్నటి క్యాథెటర్ పంపి అల్ట్రాసౌండ్‌తో గోడ మందాన్ని కొలిచే ఐవస్ పరీక్ష ఆ భ్రమను తొలగిస్తుంది. మొదటి ఏడాదిలోనే లోపలి పొర మందం అర మిల్లీమీటరో అంతకు మించో పెరిగినవారికి తర్వాతి సంవత్సరాల్లో ప్రమాదం ఎక్కువని రెండు దశాబ్దాల నాటి అధ్యయనాలే తేల్చాయి.

పైగా ఈ జబ్బు నొప్పి పుట్టించదు. దాత శరీరం నుంచి గుండెను తీసేటప్పుడు దాని నరాలన్నీ తెగిపోతాయి. ఆ తర్వాత కొందరిలో కొంత మేర తిరిగి అల్లుకున్నా, ఛాతీ నొప్పి అనే హెచ్చరికను నమ్ముకోవడానికి వీల్లేదు. ఆయాసం, నీరసం, కాళ్ల వాపు, గుండె దడ, ఒక్కోసారి నేరుగా ఆకస్మిక మరణం: ఇవే దాని ఆనవాళ్లు. జిల్లా కేంద్రంలో డ్యూటీలో ఉన్న వైద్యుడు ఛాతీ నొప్పి లేదు కాబట్టి గుండె జబ్బు కాదనుకుని గ్యాస్ మాత్ర ఇచ్చి పంపితే తప్పు ఆయనది కాదు. ఇలాంటి రోగి విషయంలో ఆ తర్కం పనిచేయదని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇక పంపుకూ ఈ జబ్బుకూ ముడి ఎక్కడ పడుతుందో చూద్దాం. ధమని లోపలి పొర మందం కావడానికి ప్రధాన కారణం, గ్రహీత రోగనిరోధక వ్యవస్థ దాత గుండెను పరాయిదిగా గుర్తించి చిన్నగా, ఆగకుండా దాడి చేస్తూ ఉండడం. ఆ గుర్తింపుకు ఆధారం హెచ్‌ఎల్‌ఏ అనే కణోపరితల ప్రోటీన్లు. మార్పిడికి ముందే గ్రహీత రక్తంలో పరాయి హెచ్‌ఎల్‌ఏలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై ఉంటే దాత దొరకడం కష్టమవుతుంది. దొరికినా తిరస్కరణ, ఆపైన ధమనుల జబ్బు ముప్పు పెరుగుతుంది. యాంటీబాడీలు పుట్టడానికి మూడు దారులు ప్రసిద్ధం: గర్భధారణ, రక్తమార్పిడి, ఇదివరకటి అవయవ మార్పిడి. పంపు నాలుగో దారి కావచ్చునన్న అనుమానం 1990ల చివర్లోనే మొదలైంది. రక్తం రాత్రింబవళ్లు లోహపు ఉపరితలాన్ని తాకుతూ ఉండడం వల్ల రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు ఉద్రేకపడుతున్నాయని, బీ కణాలు అతిగా స్పందించి యాంటీబాడీలు కుప్పలుగా తయారుచేస్తున్నాయని అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయ బృందం అప్పట్లో చూపింది. ఆ నాటి పంపుల లోపలి ఉపరితలాన్ని రక్తం గడ్డకట్టకుండా ఉండాలని కావాలనే గరుకుగా చేసేవారు. ఆ గరుకు మీద కణాలు అతుక్కుని ఒక కొత్త పొరగా ఏర్పడేవి. ఇప్పటి పంపుల తయారీ వేరు, యాంటీబాడీల బెడద కూడా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు.

పంపు నేరుగా చేసేదాని కన్నా, పంపు వెంట వచ్చేవాటి పాత్రే పెద్దదేమోనని నా అభిప్రాయం. ఛాతీ తెరిచి పంపు అమర్చేటప్పుడే ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు ఎక్కించవలసి వస్తుంది, ప్లేట్‌లెట్ల మీద హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్లు దండిగా ఉంటాయి. ఆ తర్వాత పంపు వేగానికి రక్తంలోని వాన్ విల్లెబ్రాండ్ అనే గడ్డకట్టే ప్రోటీన్ పెద్ద పోగులు తెగిపోతాయి. మరో పక్క రోగి రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ మందు మీద ఉంటాడు. పేగుల్లో రక్తస్రావం అవుతుంది. మళ్లీ రక్తం ఎక్కిస్తారు. పొట్ట గోడ గుండా బయటికి వచ్చే డ్రైవ్‌లైన్ తీగ దగ్గర ఇన్ఫెక్షన్ పడితే నెలల తరబడి ఒంట్లో లోలోపలి మంట (ఇన్‌ఫ్లమేషన్) ఆరదు. చివరికి దాత గుండె వచ్చిన రోజున రెండోసారి ఛాతీ తెరవాలి. అతుక్కుపోయిన కణజాలాన్ని విడదీయడానికి సమయం పడుతుంది. రక్తం మరింత పోతుంది, మరింత ఎక్కిస్తారు. దాత గుండెకు రక్తప్రసారం లేని వ్యవధి పెరిగే అవకాశమూ ఉంది. ఇందులో ప్రతి మెట్టూ ధమనుల జబ్బుకు విడిగా అనుమానితుడే. మన దేశంలో తెల్లకణాలు తొలగించిన రక్తాన్నే ఎక్కించాలన్న నియమం అన్నిచోట్లా అమలులో లేదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కన్న తల్లికి ప్రసవానంతరం గుండె బలహీనపడి పంపు దాకా వస్తే, ఆమె విషయంలో ఈ దారులన్నీ ఒకదాని మీద ఒకటి కలుస్తాయి.

ఇంత వివరంగా విధానం తెలిసినప్పుడు ఫలితం కూడా తేటతెల్లంగా ఉండాలి కదా అనిపిస్తుంది. కానీ లేదు. పంపు మీద నుంచి మార్పిడికి వచ్చినవారిలో ధమనుల జబ్బు ఎక్కువని కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. తేడా ఏమీ లేదని మరికొన్ని చెబుతున్నాయి. ఈ రెంటిలో దేన్నో ఒకదాన్ని పట్టుకుని పంపును దోషిగానో నిర్దోషిగానో ప్రకటించడం తొందరపాటు. లెక్కలు ఎందుకు పొసగడం లేదో ఆలోచిస్తే మనం ఏం రాసిపెట్టుకోవాలో తెలుస్తుంది కాబట్టి ఈ విషయం దగ్గర కాస్త ఆగుతాను.

పంపు పెట్టేది ఎవరికి? మందులతో నిలదొక్కుకోలేని వారికి. అంటే ఇంట్లో ఉండి వెయిటింగ్ లిస్టులో ఎదురుచూసిన రోగితో పోల్చినప్పుడు, పంపు రోగి మొదటి నుంచీ వేరే మనిషి. అతని మొదటి గుండె పాడవడానికి కారణం ధమనుల పూడికే అయి ఉండవచ్చు. అలాంటివారికి కొత్త గుండెలోనూ ఈ జబ్బు ఎక్కువ వస్తుందని వేరే ఆధారాలున్నాయి. మధుమేహం, స్థూలకాయం ఉండవచ్చు. రెండు గుంపుల మధ్య కనబడిన తేడాలో పంపు వాటా ఎంత, మనిషి వాటా ఎంత అన్నది విడదీయకుండా ఏ తీర్పూ చెల్లదు. దీనికి వ్యతిరేక దిశలో లాగే పొరపాటు ఇంకొకటి ఉంది. ధమనుల జబ్బు బయటపడాలంటే రోగి అన్నాళ్లు బతికి ఉండాలి. పంపు మీదుండగా పక్షవాతంతోనో, మార్పిడి తర్వాత తొలి నెలల్లో ఇన్ఫెక్షన్‌తోనో పోయినవారు అయిదో ఏడాది లెక్కలో కనిపించరు. మిగిలిన గట్టివారి ధమనులు చూసి తేడా లేదనుకుంటాం. మూడోది నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది: పరీక్ష చేసిన చోటే జబ్బు దొరుకుతుంది. ఏటా యాంజియోగ్రామ్ చేసే కేంద్రంలో జబ్బు ఎక్కువగా ఉన్నట్టు, ఆయాసం వచ్చాకే చేసే కేంద్రంలో తక్కువగా ఉన్నట్టు కాగితం మీద తేలుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని పంపు రోగులకే యాంజియోగ్రామ్ వంటి, రక్తనాళాల్లోకి డై (రంగు మందు) ఎక్కించే పరీక్షలు వాయిదా వేస్తూ పోతే, సరిగ్గా ముప్పు ఎక్కువ ఉన్నవారే శుభ్రమైన ధమనులున్నవారిగా లెక్కలోకి ఎక్కుతారు. అందుకే మీ ఫారంలో ‘జబ్బు లేదు’ అన్న గడి, ‘పరీక్ష చేయలేదు’ అన్న గడి రెండూ వేరువేరుగా ఉండాలని పట్టుబట్టి అడుగుతున్నాను. ఈ లేఖలోని మిగతా కోరికలన్నీ పక్కన పెట్టి ఈ ఒక్క గడి పెట్టినా సంతోషిస్తాను.

అమెరికా రిజిస్ట్రీలు ఉండగా మనకెందుకీ శ్రమ అని ఎవరైనా అనవచ్చు. అక్కడ 2023లో 4,500కు పైగా గుండె మార్పిడులు జరిగాయి. మన దేశమంతటా కలిపి ఏటా జరిగేవి 200 పైచిలుకు. పెద్ద లెక్క ఉన్నవారి జవాబునే అరువు తెచ్చుకోవచ్చు కదా అన్న వాదన పైకి సబబుగానే కనిపిస్తుంది. కానీ వారి ప్రశ్న వేరు, మన ప్రశ్న వేరు. గత దశాబ్దం మధ్య నాటికి అంతర్జాతీయ రిజిస్ట్రీలోని పెద్దల్లో ఇంచుమించు సగం మంది ఏదో ఒక యంత్రం ఆధారంతోనే మార్పిడికి వచ్చారు. వారిలో ఎక్కువ మంది ఎల్‌వ్యాడ్ అమర్చుకుని ఇంటి నుంచి వచ్చినవారే. 2018 అక్టోబరులో అమెరికా గుండెల కేటాయింపు నియమాలు మార్చి, తాత్కాలిక సాధనాల మీద ఐసీయూలో ఉన్నవారికి ముందు వరస ఇచ్చాక అక్కడి చిత్రమే మారిపోయింది. ఆ మార్పు తర్వాతి గుండెలకు పదేళ్లు నిండలేదు. వాటి ధమనుల సంగతి వారికే ఇంకా పూర్తిగా తెలియదు. మన దగ్గర ఎల్‌వ్యాడ్ ఖరీదు కోటి రూపాయల దరిదాపుల్లో ఉండడంతో అది కొద్దిమందికే అందుతోంది. పరిస్థితి విషమించినప్పుడు ఎక్కువగా చేతికి దొరికేది బెలూన్ పంపు, ఎక్మో. ఎక్మో మీద గడిపిన ఒక్కో రోజూ రక్తం, ప్లేట్‌లెట్ల అవసరం పెంచుతూనే ఉంటుంది. అలాంటి తాత్కాలిక సాధనాలకూ తర్వాతి ధమనుల జబ్బుకూ ఉన్న సంబంధంపై ఆధారాలు ఎల్‌వ్యాడ్ మీద ఉన్నవాటి కన్నా పలుచన.

మనుషులూ వేరే. మన గ్రహీతలు పాశ్చాత్య దేశాల వారికన్నా సగటున చిన్న వయసువారు. గ్రహీత వయసు తక్కువైతే ఈ జబ్బు ముప్పు ఎక్కువని తెలిసిన విషయమే. మన దాతల్లో రోడ్డు ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలి బ్రెయిన్ డెడ్ అయిన యువకులు ఎక్కువ. దాత వయసు తక్కువ కావడం మేలు చేసేదే, కానీ దక్షిణాసియా వారిలో ముప్ఫైలలోనే ధమనుల్లో పూడిక మొదలవుతుందన్నది మనందరి అనుభవం. గుండెతో పాటే వచ్చిన పాత పూడికను, తర్వాత కొత్తగా వచ్చిన జబ్బును వేరుచేయాలంటే మార్పిడి జరిగిన నాలుగు నుంచి ఆరు వారాల్లోపు ఒక మొదటి యాంజియోగ్రామ్, వీలైతే దానితో పాటు ఐవస్ ఉండాలి. తిరస్కరణను ఆపడానికి ఇచ్చే ట్యాక్రోలిమస్, స్టెరాయిడ్ల వల్ల తిరగబెట్టే మధుమేహం, మనలో దాదాపు అందరికీ చిన్నప్పుడే సోకి ఒంట్లో దాగి ఉండే సైటోమెగలో వైరస్ కూడా ఈ జబ్బుకు తోడు నిలిచేవే. ఇన్ని తేడాలున్న చోట అరువు జవాబు మనకు సరిపోతుందని ఏ ధైర్యంతో చెప్పగలం?

ఒక్క ఆసుపత్రి ఈ పని చేయలేదు. దేశంలో ఏటా జరిగే 200 పైచిలుకు మార్పిడుల్లో యంత్రం మీద నుంచి వచ్చినవారు కొంత భాగం. వారిలో అయిదేళ్లు నిండినవారు ఇంకా కొంత. ఏ ఒక్క కేంద్రం దగ్గర చూసినా వేళ్ల మీద లెక్కించేంత మందే మిగులుతారు. అందరి లెక్కలూ ఒకచోట చేర్చగల అధికారం 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం, దాని సవరణల ద్వారా ఏర్పడ్డ మీ వ్యవస్థకే ఉంది. ఆ చట్టం వచ్చిన కొద్ది వారాలకే, 1994 ఆగస్టు 3న, రాజమహేంద్రవరంలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ గారు ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేశారు. తెలుగు నేల మీద డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే గారు 2004లో హైదరాబాద్‌లో దానికి నాంది పలికారు. 2013లో జీవన్‌దాన్ మొదలైంది. అంటే పదేళ్లకు పైబడిన కాలపు రోగుల చరిత్ర మన దగ్గర పోగుపడి ఉంది. ఏ ఏడాది ఎన్ని గుండెలు మార్చారన్నది ప్రచురిత నివేదికల్లో కనిపిస్తుంది. ఆ గుండెలు తర్వాత ఎలా ఉన్నాయన్నది అంత సులువుగా కనిపించదు. 2021 ఫిబ్రవరిలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైలులో దాత గుండెను తరలించిన దృశ్యాన్ని టీవీల్లో ఊరంతా చూసింది; సంతోషమే. అయిదో ఏడాది యాంజియోగ్రామ్‌కు కెమెరాలు రావు, రానక్కరలేదు కూడా. ఒక గుమాస్తా, ఒక కంప్యూటరు వస్తే చాలు.

ఏమేం రాయాలో కూడా చెబుతాను, భారం అనిపించకుండా. మార్పిడికి ముందు ఏ యంత్రం పెట్టారు, దాని మీద ఎన్నాళ్లున్నారు, మొత్తం ఎన్ని యూనిట్ల ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు ఎక్కించారు, డ్రైవ్‌లైన్‌కు గానీ రక్తానికి గానీ ఇన్ఫెక్షన్ పాకిందా అన్నవి డిశ్చార్జి కాగితాల్లో ఉండేవే. పంపు పెట్టకముందు, పెట్టాక, మార్పిడి రోజున హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీల స్థితి తెలిస్తే, పంపు తెచ్చిన యాంటీబాడీలేవో, ముందునుంచీ ఉన్నవేవో తేలుతుంది; ఈ మూడు పరీక్షలూ చేయించే అలవాటు అన్ని కేంద్రాలకూ రావాలి. దాత వయసు, గుండెకు రక్తప్రసారం ఆగిన నిమిషాలు మీ దగ్గర ఎలాగూ ఉంటాయి. మార్పిడి తర్వాత మొదటి యాంజియోగ్రామ్ తేదీ, ఏడాది నాటి ఐవస్ కొలత, ఆపైన ఏటా గానీ రెండేళ్లకోసారి గానీ చేసిన పరీక్షల ఫలితాన్ని అంతర్జాతీయ సంఘం 2010లో నిర్ణయించిన సున్నా నుంచి మూడు దాకా ఉన్న గ్రేడుల్లో రాస్తే సరిపోతుంది. చనిపోయినవారి విషయంలో మరణ కారణం ‘గుండె ఆగిపోయింది’ అని కాకుండా, ధమనుల స్థితి తెలిసినంత మేర రాయాలి.

లెక్క తేలి ఏం లాభం, చికిత్స లేనప్పుడు అని అడిగేవారికి ఒక మాట. జబ్బు ముదిరాక చేయగలిగింది తక్కువే. ముదరకముందు చేయగలిగింది చాలా ఉంది. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన ప్రవస్టాటిన్ మీద 1995లో వెలువడిన పరిశోధనలో, ఆ మాత్ర తీసుకున్నవారిలో ఏడాది తర్వాత 94 శాతం బతికి ఉంటే తీసుకోనివారిలో 78 శాతమే ఉన్నారు, ధమనుల మందం కూడా తక్కువ పెరిగింది. అప్పటి నుంచి కొలెస్టరాల్ ఎంత ఉన్నా మార్పిడి రోగికి స్టాటిన్ ఇవ్వడం ఆనవాయితీ అయింది. తిరస్కరణను అణిచే ఎవెరోలిమస్ అనే మందు మీద 2003లో వచ్చిన పరిశోధనలో, పాత మందు అజథయోప్రిన్ వాడినవారిలో 53 శాతం మందికి ఏడాదిలోపు ఐవస్‌లో జబ్బు కనిపించగా, ఎవెరోలిమస్ రెండు మోతాదుల్లో అది 36, 30 శాతాలకు దిగింది. గాయం మానడాన్ని ఆలస్యం చేయడం, కాళ్ల వాపు, నోటి పుండ్లు, కొవ్వులు పెరగడం వంటి ఇబ్బందుల వల్ల ఈ మందును అందరికీ మొదటి రోజు నుంచీ ఇవ్వలేం. ఎవరికి ముందుగా మార్చాలో తెలియడమే కీలకం. పంపు మీద నుంచి వచ్చి, యాంటీబాడీలున్నవారికి ముప్పు నిజంగా ఎక్కువని మన లెక్కే చెబితే, వారికి ఏడాది ఐవస్ ముందుగా చేసి, మందు ముందుగా మార్చవచ్చు. ఎక్కువ కాదని తేలితే, ఆ రోగులను అనవసరమైన డై నుంచి, భయం నుంచి తప్పించవచ్చు. రెండు విధాలా ప్రయోజనమే.

ఖర్చు సంగతి దాటవేయలేను. రెండు రాష్ట్రాల ప్రభుత్వ ఆరోగ్య పథకాలు గుండె మార్పిడికి చేయూతనివ్వడం దేశంలో చాలా రాష్ట్రాల వారు చెప్పుకోగల విషయం కాదు. అయితే ఐవస్ క్యాథెటర్ ఒక్కసారి వాడి పారేసేది, ఖరీదైనది; ఏటేటా యాంజియోగ్రామ్‌కు శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో తోడుగా ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చే కుటుంబానికి ప్రయాణం, ఒక రోజు కూలి కూడా ఖర్చే. కనీసం మొదటి యాంజియోగ్రామ్, ఏడాది నాటి ఐవస్ రెండింటినీ మార్పిడి ప్యాకేజీలోనే చేర్చమని జీవన్‌దాన్ బాధ్యులు ప్రభుత్వాలకు సిఫారసు చేయాలి. పాలు పోసి పెంచిన చెట్టుకు పురుగు పట్టిందో లేదో చూడడానికి చెయ్యి రాకపోతే ఎలా? మూత్రపిండాలు బాగాలేని వారికి డై తక్కువతో ఐవస్ ఆధారంగా చూడడం, సీటీ యాంజియోగ్రామ్, ఒత్తిడి ఎకో (స్ట్రెస్ ఎకో) వంటి ప్రత్యామ్నాయాలున్నాయి. వాటికీ పరిమితులున్నాయి, అయినా అసలు చూడకపోవడం కన్నా మేలు.

ఇదంతా బయటపెడితే రోగులు పంపు వద్దంటారేమోనన్న భయం కొందరు సహ వైద్యులు వ్యక్తం చేశారు. ఆ భయాన్ని నేను పంచుకోలేను. ఐసీయూ బయట కూర్చున్న కుటుంబానికి ఈ క్షణాన పంపు ప్రాణం నిలబెడుతుందని, తర్వాత దొరకబోయే గుండె ధమనులను మాత్రం కాస్త ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలని, ఆ గుండెకు నొప్పి తెలియదు కాబట్టి బాగానే ఉందనిపించినా పరీక్షలకు రావాలని తెలుగులో నిదానంగా చెబితే అర్థం చేసుకుంటారు; అలా విన్నవారే ఏళ్ల తరబడి పరీక్షలకు తిరిగి వస్తారు. సంతకం తీసుకునే అంగీకార పత్రం తెలుగులో ఉండాలని, అందులో ఈ రెండు మూడు వాక్యాలు చేర్చాలని కోరుతున్నాను. ప్రతి గ్రహీతకూ జేబులో పెట్టుకునే ఒక కార్డు ఇవ్వండి. ‘ఈ వ్యక్తికి గుండె మార్పిడి జరిగింది. ఛాతీ నొప్పి లేకపోయినా ధమనుల జబ్బు ఉండవచ్చు. ఆయాసం, దడ ఉంటే వెంటనే ఈసీజీ, ఎకో తీసి మార్పిడి కేంద్రానికి ఫోను చేయండి’ అని తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ముద్రించి, కింద కేంద్రం నంబరు వేస్తే చాలు. జిల్లా ఆసుపత్రిలో అర్ధరాత్రి డ్యూటీ వైద్యుడికి అంతకు మించిన సాయం లేదు.

వెంటనే మొదలుపెట్టడానికి కొత్త పథకమేదీ అక్కరలేదు. 2013 నుంచి జీవన్‌దాన్ ద్వారా గుండె పొందినవారిలో ఎవరు యంత్రం మీద నుంచి వచ్చారు, వారికి చివరి యాంజియోగ్రామ్ ఎప్పుడు జరిగింది, ఏం తేలింది అన్న మూడు ప్రశ్నలతో ఒక పేజీ పత్రాన్ని అన్ని కేంద్రాలకూ పంపి, వచ్చిన జవాబులను, రాని జవాబుల సంఖ్యతో సహా ప్రచురించమని కోరుతున్నాను. ఏ ఆసుపత్రి ఫలితం ఎంతన్నది తొలి విడతలో విడివిడిగా బయటపెట్టనక్కరలేదు. అలా పెడితే బరువైన కేసులు తీసుకునే కేంద్రాలే చెడ్డపేరు మోస్తాయి. పత్రం తయారీలో, వచ్చిన యాంజియోగ్రామ్‌లను ఒకే ప్రమాణంతో తిరిగి చదివి గ్రేడు ఇవ్వడంలో నా సమయం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. నాతో పాటు ఓపీ పంచుకునే సహచరులు కూడా ఒప్పుకున్నారు. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
భవదీయుడు,
గుండె మార్పిడి రోగుల సంరక్షణలో ఉన్న ఒక హృద్రోగ వైద్యుడు
హైదరాబాద్